సన్యాసిరావు పెట్టిన బొటనవేలు

సేఫ్టీ ఉద్యోగంలో చేరబోయే కుర్రవాళ్ళు అప్పుడప్పుడు కంచరపాలెంలో మా ఇంటికి వస్తుంటారు. ఎవరో పంపిస్తారు. వచ్చిన ప్రతివాడూ ఒకటే అడుగుతాడు: "సార్, ఇంటర్వ్యూలో ఏమడుగుతారు?" నాకు తెలిసింది చెప్పి, టీ ఇచ్చి పంపిస్తాను. అసలు ఈ ఉద్యోగం ఏమిటని మాత్రం ఇంతవరకు ఒక్కడూ అడగలేదు. అడగకపోయినా చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

ఓడల్లోంచి సరుకు దింపించే ఒక ప్రైవేటు కంపెనీలో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేశాను. చివరి పద్నాలుగేళ్ళూ సేఫ్టీ ఆఫీసర్ని. నా పేరు చాలామందికి తెలీదు. అందరికీ నేను సేఫ్టీ సార్‌నే. నాకొచ్చిన ప్రమోషన్లు, షీల్డులు ఇక్కడ రాయను. షీల్డులు అటక మీద ఉన్నాయి. ఒక మనిషి గురించి, నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. మీరు ఆ తప్పు చేయకుండా ఉంటే చాలు.

కోటయ్యగారి పద్ధతి

నేను చేరినప్పుడు మా ఫోర్‌మన్ కోటయ్యగారు. ఊరు భీమిలి వైపు. చదువు అంతంతమాత్రం, నోరు మాత్రం పెద్దది. ఓడలు ఆగి సరుకు దింపే మా బెర్తులో ఆయన తిట్టని మనిషి లేడు, నాతో సహా.

ఓడ అడుగున సరుకు నింపే పెద్ద గదిని మేం హోల్డ్ అంటాం. అయిదారంతస్తుల మేడ పట్టేంత లోతు ఉంటుంది. బొగ్గు ఓడైతే అందులో ఒక చిక్కుంది. మూతేసి ఉన్నన్నాళ్ళూ బొగ్గు లోపలి గాల్లోని ప్రాణవాయువును తినేస్తూ ఉంటుంది. కంటికి ఏమీ కనపడదు. దిగినవాడు రెండు ఊపిరులు పీల్చి కూలబడిపోతాడు. వాణ్ణి లాగుదామని దిగినవాడూ అంతే. అందుకే ముందు తాడుకు కట్టి మీటరు దింపుతాం. గాలి బాగుందని అది చూపించాకే మనుషులు దిగాలి.

ఆ మీటరు చూశాక కూడా కోటయ్యగారికి ఇంకో పద్ధతి ఉండేది. దిగాల్సిన వాళ్ళందరినీ హోల్డ్ అంచున కూర్చోబెట్టేవారు. అందరికన్నా కొత్తగా చేరినవాడితో మొదలుపెట్టి ఒక్కొక్కరూ "దిగుతాను" అనో, "దిగను" అనో పైకి చెప్పాలి. ఆయన వంతు అందరికన్నా ఆఖర్న. ఒక్కడు "దిగను" అన్నా పని ఆగిపోవాల్సిందే. ఎందుకురా అని అడగకూడదు, నవ్వకూడదు. మీటరు రెండోసారి పెట్టాలి.

నేను కొత్తలో ఉండబట్టలేక అడిగాను, మీరు ముందు చెప్పేస్తే పని తొందరగా తెములుతుంది కదా అని.

"నాను ముందు మాటాడితే ఆ గుంటడేటి మాటాడతాడు? నా మొకం సూసి తలూపుతాడు. ఆడి తలకాయూపు నాకెందుకు, ఆడి భయం నాకు కావాలి గాని" అన్నారాయన.

అప్పట్లో నాకిది ముసలాయన చాదస్తంలా అనిపించేది. వాళ్ళలో సగంమంది అకారణంగా "దిగను" అనేవారు. రాత్రి సరిగా నిద్రలేదనో, ఇంట్లో గొడవనో. కోటయ్యగారు తిట్టుకుంటూనే మీటరు తెప్పించేవారు. ఆయన ఉన్నన్నాళ్ళూ మా బెర్తులో హోల్డులో ఒక్క మనిషి ప్రాణం పోలేదు. ఆయన పోయాక కూడా చాలాకాలం ఆ పద్ధతిని మేస్త్రీలు నిలబెట్టారు. తీసేసింది మేమే, చదువుకున్నవాళ్ళం.

గ్రూపు

ఫోన్లు వచ్చాయి. మా మేనేజరు షిఫ్టు గ్రూపు ఒకటి పెట్టాడు. మంచివాడే, పనిమంతుడు, మా అందరికన్నా చిన్నవాడు. ఆయన్ని దుర్మార్గుడిగా రాస్తే నాకు సుఖంగా ఉంటుంది గాని అది నిజం కాదు. ఇంజనీర్లు, క్రేను డ్రైవర్లు, మేస్త్రీలు, సిగ్నల్ ఇచ్చేవాళ్ళు అందరం కలిపి నలభై మందిమి. మొదట్లో బాగానే ఉండేది. ఏ ఓడ ఏ బెర్తుకి వస్తోందో ఇంట్లో కూర్చుని తెలిసేది.

తర్వాత నిర్ణయాలు కూడా అందులోకే వెళ్ళిపోయాయి. మేనేజరు ఒక మాట రాసి, కింద "అందరూ కన్ఫర్మ్ చేయండి" అని పెడతాడు. పెద్ద ఇంజనీరు బొటనవేలు బొమ్మ పెడతాడు. ఆ వెంటనే ఇంకొకటి, ఇంకొకటి, టపటపా పడిపోతాయి. సగంమంది పైన ఏం రాశాడో చదవరు. పడిన వేళ్ళు చూసి వేలు పెడతారు. నేనూ అంతే. బస్సులో నిలబడి పెట్టాను, చర్చిలో ప్రసంగం నడుస్తుంటే బెంచీ కింద ఫోను పెట్టుకుని పెట్టాను.

హోల్డ్ అంచున కూర్చున్నప్పుడు మనిషి గొంతు వినపడేది. "దిగుతాను" అంటూనే ఒకడు తడబడితే కోటయ్యగారు పట్టేసేవారు. బొమ్మలో తడబాటు ఉండదు. భయపడుతూ పెట్టినా, నమ్మి పెట్టినా వేలు ఒక్కలాగే ఉంటుంది.

పిల్లి

సన్యాసిరావు మా మేస్త్రీ. మల్కాపురంలో ఉండేవాడు, సొంత ఊరు విజయనగరం అవతల పల్లె. పొలం పనిలోంచి ఓడల పనిలోకి వచ్చినవాడు. కోటయ్యగారి చేతికింద చివరి రెండేళ్ళూ పనిచేశాడు. దిగమని మనుషులను పంపి తాను పైన నిలబడే రకం కాదు. ముందు తను దిగి, బాగుంటే కేకేసి పిలిచేవాడు. అది ధైర్యమే గాని సేఫ్టీ లెక్కల్లో తప్పు. ఆ మాట ఎన్నోసార్లు చెప్పాను. "అలాగే సారూ" అనేవాడు, మళ్ళీ ముందు తనే దిగేవాడు.

ఒకసారి దుంగల ఓడ వచ్చింది. బొగ్గులాగే దుంగలూ లోపలి గాలిని తినేస్తాయి. గ్రూపులో అందరం వేళ్ళు పెట్టేశాక సన్యాసిరావు ఒక్క మాట రాశాడు: "దిగను". అంతే, పాత అలవాటు. పని ఆగింది. మీటరు దింపారు. గాలి సుబ్బరంగా ఉంది.

ఇక మొదలైంది. ఎవరో మంచం కింద నక్కిన పిల్లి బొమ్మ పెట్టి దాని మీద సన్యాసిరావు పేరు రాశారు. నవ్వు బొమ్మలు వరసగా పడ్డాయి. మేనేజరు కూడా ఒకటి పెట్టాడు. పెద్దవాళ్ళు పెట్టాక నేనేదో బిగుసుకుని కూర్చున్నట్టు ఉంటుందని నేనూ పెట్టాను. నవ్వొచ్చి కాదు. అందరూ పెట్టారని.

మర్నాడు సన్యాసిరావు బెర్తులో కనపడి తలవంచుకుని నవ్వాడు. "మీరు కూడానా సారూ" అన్నాడు.

"సరదాకిరా" అన్నాను.

పిల్లలూ, ఆ ఒక్క నవ్వు బొమ్మతో నేను చేసింది ఏమిటో నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది. "దిగను" అనే హక్కు ఆ మనిషికి కోటయ్యగారు ఇచ్చి వెళ్ళారు. దాన్ని కాపాడడానికే నాకు జీతం ఇస్తున్నారు. నేను దాన్ని నవ్వులపాలు చేశాను. ఆ తర్వాత మా గ్రూపులో ఆ మాట ఎవరూ రాయలేదు. అభ్యంతరాలు తగ్గాయని ఆ ఏడాది రిపోర్టులో గొప్పగా రాసుకున్నాం కూడా.

ఆ రోజు

బొగ్గు ఓడ. రెండు రోజులు వానపడి మూతలేసే ఉంచారు. మూడో రోజు తెల్లవారి ఎండ కాసింది, మూతలు తీశారు. మధ్యాహ్నం సముద్రపు పోటుకి ఓడ కదలాలి. మూడో నంబరు హోల్డులో అంచులకు అంటుకున్న బొగ్గు మనుషులు దిగి తోస్తే గాని రాదు.

మేనేజరు గ్రూపులో రాశాడు: మూత పొద్దున్నుంచి తీసే ఉంది, గాలి బాగా ఆడింది, దిగొచ్చు అనుకుంటున్నాను, అందరూ కన్ఫర్మ్ చేయండి.

వినడానికి సబబుగానే ఉంది. కానీ హోల్డులోకి దిగే నిచ్చెన బయట ఉండదు. దానికి వేరే ఇరుకు గది, దానికో ఇనుప తలుపు. పైన పెద్ద మూత తీసినా ఆ గదిలోకి గాలి వెళ్ళదు. ఇది నాకు తెలుసు. కొత్తవాళ్ళకు క్లాసులో చెప్పేవాణ్ణి నేనే. ఆ పూట ఆఫీసులో ఏదో మీటింగులో ఉన్నాను. ఫోను చూశాను. అప్పటికే ఆరు వేళ్ళున్నాయి. ఏడోది నాది.

కాసేపటికి సన్యాసిరావు ఫోను. బయటికొచ్చి మాట్లాడాను.

"సారూ, మూత తీసున్నమాట నిజమే గాని, నిచ్చెన గది తలుపు ఇప్పుడే తీసాం. తీత్తే లోపల్నుండి ఏడిగా కొట్టినాది. నాకేటో బాగోనేదు. మీటరెట్టి సూద్దామండి."

మీటరు ఆ రోజు ఇంకో బెర్తులో ఉంది. తెప్పించడానికి గంట పడుతుంది. "అందరూ ఓకే అన్నారు కదా సన్యాసీ. నీకు అభ్యంతరముంటే గ్రూపులో పెట్టు" అన్నాను.

"గ్రూపులో ఎలాగెడతానండి. మళ్ళీ పిల్లి బొమ్మెడతారు. మీకు సెప్తన్నాను కదా."

నేను నవ్వాను. లోపల మీటింగులో నాకోసం చూస్తున్నారు. "అయితే నువ్వూ వేలు పెట్టేయ్. నువ్వొక్కడివే మిగిలావు" అన్నాను.

"సరే సారూ" అన్నాడు.

నేను కుర్చీలో కూర్చునేసరికి గ్రూపులో అతని వేలు పడింది. అదే ఆఖరిది.

తన మనుషులను తలుపు దగ్గరే ఆపి, "నాను కేకేత్తే రండి" అని దిగాడట. కేక రాలేదు. సిగ్నల్ ఇచ్చే గోవిందు తలుపుకి అడ్డంగా నిలబడి మిగతావాళ్ళను దిగనివ్వలేదు. ఇద్దరు వాణ్ణి కొట్టారు కూడా, అయినా కదల్లేదు. ఆ రోజు ఒక్కడితో ఆగిందంటే గోవిందు వల్లే. గాలి సిలిండర్లు వచ్చి సన్యాసిరావును పైకి తెచ్చేసరికి ఆలస్యమైపోయింది. నేను వెళ్ళేసరికి డెక్కు మీద పడుకోబెట్టి ఉన్నాడు. మొహానికి బొగ్గు. ఎవరో తడిగుడ్డతో తుడుస్తున్నారు. నేను అక్కడ నిలబడే ఏడ్చాను. ఆ ఏడుపు నిజమే. కానీ ఆ ఫోను మాట అప్పుడు చెప్పలేదు.

ఒకే మాట

విచారణ జరిగింది. అంతకుముందే మాకో కొత్త గ్రూపు పెట్టారు, వాంగ్మూలాలు ఒకేలా ఉండాలని. ఒకరు ముసాయిదా రాశారు. కింద మళ్ళీ వేళ్ళు పడ్డాయి. మళ్ళీ నాది కూడా ఉంది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ ఉంది.

"మృతుడు కూడా సమ్మతించాడా?" అని అడిగారు.

"సమ్మతించాడండి" అన్నాను. అబద్ధం కాదు. గ్రూపులో వేలు ఉంది. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పి బయటపడ్డాను. ఎదురుగా గోడవారన సన్యాసిరావు భార్య వరలక్ష్మి కూర్చుని ఉంది. తెల్లచీర కాదు, మామూలు పచ్చచీరే కట్టుకుంది. నేను మాట్లాడినంతసేపూ నన్నే చూసింది.

స్వయంకృత నిర్లక్ష్యం అని తేల్చారు. తర్వాత షిఫ్టు గ్రూపు పేజీని బొమ్మ తీసి, అతని వేలు చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, కొత్తవాళ్ళ క్లాసులో చూపించమన్నారు. ఆలోచించకుండా ఒప్పుకుంటే ఏమవుతుందో చూడండి అని. ఆ క్లాసు చెప్పాల్సింది నేను. చెప్పాను. ఒకసారి కాదు, రిటైరయ్యేదాకా చెప్పాను. ఆలోచించిన ఒక్క మనిషిని ఆలోచించనివాడిగా చూపించాను. నా ఉద్యోగంలో ఇంతకన్నా నీచమైన పని చేయలేదు. దీన్ని ఎలా రాసినా మెత్తబడదు, అందుకని ఇలాగే రాస్తున్నాను.

మల్కాపురం

రిటైరైన మొదటి నెలలో ప్రతి ఉదయం ఫోనులో శుభోదయాలు చూసేవాణ్ణి. ఆ షిఫ్టు గ్రూపులో నేనింకా ఉన్నాను, ఎవరూ తీసేయలేదు. పువ్వుల బొమ్మలు. వాటి కింద పువ్వుల బొమ్మలు. సన్యాసిరావు నంబరు కూడా అందులో అలాగే ఉంది. ఒకరోజు అది చూసి ఇంక కూర్చోలేకపోయాను. బస్సెక్కి మల్కాపురం వెళ్ళాను.

వరలక్ష్మి కుట్టుమిషను మీద ఏదో జాకెట్టు కుడుతోంది. నన్ను చూసి లేచింది. "రండి సార్" అని కుర్చీ వేసింది. మంచినీళ్ళిచ్చింది. గోడ మీద సన్యాసిరావు ఫోటో. ఎక్కడో పెళ్ళిలో తీసింది, బిగుతు చొక్కా.

"అమ్మా, నీకొక మాట చెప్పాలి" అన్నాను.

"ఫోన్ మాటేనా?" అంది.

నేను తెల్లబోయాను.

"ఆరి ఫోను నాకిచ్చీసినారు కదండి. సూసాను. ఆ వేలెట్టే ముందు సేఫ్టీ సార్‌కి ఫోన్ సేసుంది. రెండు నిమిషాలు మాటాడినారు. ఏటి మాటాడుకున్నారోనని ఇన్నాళ్ళూ సూత్తన్నాను. ఇచారణకాడ అడుగుదునా అనుకున్నాను. అందరూ ఒక్కటే సెప్తన్నారు. నానొక్కర్తినీ లేచి ఏటనగలను? మీరే ఒత్తారనుకున్నాను. రానేదు."

జరిగింది జరిగినట్టు చెప్పాను. వేడిగా కొట్టిందన్న మాట, మీటరు మాట, పిల్లి మాట, నేను నవ్విన మాట. ఆమె మిషను మీద చెయ్యి పెట్టి విన్నది. "వేలు పెట్టేయ్" అన్నది నేనేనని చెప్పినప్పుడు కళ్ళు మూసుకుంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"మా అత్త సచ్చిపోయేదాకా అదే అందండి. నా కొడుకు సూసుకోకుండా దిగీసినాడని. నాను కూడా ఆరి మీద కోపం ఎట్టుకున్నాను. ఇంట్లో ఇంతమందిమి ఉన్నామని ఒక్కసారైనా తలుసుకోనేదని" అంది. కాసేపు ఏడ్చింది. తర్వాత చెంగుతో మొహం తుడుచుకుని అడిగింది: "ఇది ఆ గ్రూపులో ఎడతారా?"

విచారణ చేసినవాళ్ళకు రాస్తానన్నాను. నిజంగా తర్వాత రాశాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "అది మీ ఇష్టం. ఆరిని సూసి నవ్వింది అక్కడ కదా. అక్కడ సెప్పండి."

అక్కడే కూర్చుని రాశాను. సన్యాసిరావు గాలి గురించి సందేహం వ్యక్తం చేశాడని రాశాను. చదివి వినిపిస్తే ఆపింది.

"అలాగొద్దు. ఆరేటన్నారో అలాగే రాయండి."

కొట్టేసి మళ్ళీ రాశాను. తీత్తే ఏడిగా కొట్టినాది. మీటరెట్టి సూద్దామండి. నేను వద్దన్నాను, వేలు పెట్టమన్నాను. క్లాసుల్లో చెప్పింది తప్పు. పంపించాను.

ఇద్దరం ఫోను వంక చూస్తూ కూర్చున్నాం. చదివినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పడుతున్నాయి. తర్వాత మేనేజరు దణ్ణం బొమ్మ ఒకటి పెట్టాడు. దాని కింద పెద్ద ఇంజనీరు దణ్ణం. ఇక వరసగా పడ్డాయి, దణ్ణం, దణ్ణం, దణ్ణం. అన్నీ ఒక్కలాంటివే. వరలక్ష్మి వాటిని వేలితో పైకి జరుపుతూ చూసింది, ఒక్క మాటైనా ఉంటుందేమోనని. లేదు. ఫోను నా చేతికి ఇచ్చేసి టీ పెట్టడానికి లేచింది.

అప్పుడు ఫోను మోగింది. గోవిందు. గ్రూపులో దణ్ణం పెట్టనివాడు వాడొక్కడేనని తర్వాత చూశాను.

"సార్" అన్నాడు. ఏడుస్తున్నాడు. "ఆ తలుపు తీసినప్పుడు నానూ పక్కనే ఉన్నాను సార్. ఏడి నాకూ తగిలినాది. దిగొద్దని నాకూ అనిపించినాది. అప్పటికే నాను వేలెట్టీసున్నాను."

వాణ్ణి ఓదార్చే అర్హత నాకు లేదు. "ఇది నాకు కాదు గోవిందూ, ఆవిడకు చెప్పు" అని ఫోను వరలక్ష్మికి ఇచ్చాను.

ఆమె స్టవ్వు దగ్గర నిలబడి విన్నది. వాడు చెబుతూనే ఉన్నాడు, గది అవతలికి వినపడుతోంది. వాడి మాటలయ్యేదాకా ఆగింది. కోపం లేదు ఆ గొంతులో. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

"మరప్పుడే అననేదేటి, బాబూ?"

ఆమె ఫోను చెవికి పెట్టుకునే ఉంది. కళ్ళు మాత్రం నా మీద ఉన్నాయి.